గంట

మూడున్నరకి లేస్తాను.
మద్దిలపాలెం డిపోలో మొదటి భీమిలి బండి నాదే.
అల్మారా పై అరలో, ఉప్పుగాలి తగలని చోట,
మూత బిగించిన సీసా.
ఒక మాత్ర, గ్లాసుడు నీళ్లు.
ఆవగింజకి అన్నయ్యంత ఉంటుందది.
ఆ తర్వాత గంటసేపు
పాలు లేవు, టీ లేదు, అరటిపండైనా లేదు.

మొదట గొంతు పోయింది.
"జగదాంబ, బీచ్, రుషికొండ" అని
పద్నాలుగేళ్లు అరిచిన గొంతు
తడిసిన అట్టపెట్టెలా మెత్తబడింది.
"ఏటమ్మా, జలుబు సేసిందేటి?" అంది
పెదజాలారిపేటలో ఎక్కిన చేపల తట్ట.
మే నెల. చెమటతో ఒకరికొకరు అతుక్కుపోయిన జనం నడుమ
ఖాకీ కింద స్వెట్టరు తొడుక్కున్న మనిషిని నేను.
దువ్వెన నిండా జుట్టు,
చెప్పుల్లో పట్టని పాదాలు,
చిల్లర సంచిలో ఎప్పుడూ పదకొండు రూపాయలు తక్కువ.
సాగర్‌నగర్ దాటాక గుర్తొచ్చేది
గంట కొట్టలేదని.

బద్ధకం, అన్నారు డిపోలో.
వయసు, అంది మా ఆడపడుచు ఎర్నమ్మ.
నేనూ నన్ను ఆ మాటే అన్నాను,
వాళ్లకన్నా గట్టిగా.

కేజీహెచ్ మెట్ల మీద మూడుసార్లు కూర్చుని
పైకి చేరాను.
చీటీలో అంకె నలభై రెండు.
"ఐదు లోపు ఉండాలి" అంది చిన్న డాక్టరు మృణాళిని,
కోటు జేబు మీద సిరా మరక.
గొంతు కింద సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుందట.
ఒంటికి కాపలా కాయాల్సిన వాళ్లే
దాన్ని కొంచెం కొంచెం కొరుక్కు తింటున్నారట.
"కంచే చేను మేస్తోందన్నమాట" అన్నాను.
ఆమె రాస్తున్న పెన్ను ఆపి
నా మొహంలోకి మొదటిసారి చూసింది.

"ఎన్నాళ్లు వాడాలమ్మా?"
"మీ బస్సుకి డీజిలు ఎన్నాళ్లు పోస్తారు?"

నవ్వాను గానీ నమ్మలేదు.
కార్తీకం నాటికి గొంతు తిరిగొచ్చింది,
కాళ్లు తేలికపడ్డాయి, చిల్లర సరిపోయింది.
బాగయిపోయాను కదా అని
సీసాని పోపుల డబ్బా వెనక్కి నెట్టాను.
ఎవరికీ చెప్పలేదు.
శివరాత్రికి, ఇంటి మెట్ల దగ్గర నిలబడి,
ఎక్కాలో దిగాలో మరిచిపోయాను.

ఆ రోజుల్లోనే బీచ్ రోడ్డులో, బస్సు కిటికీలోంచి చూశాను:
కెరటం ఇసకంతా నాకేసి
గట్టు కింది రాళ్లు బయటపెట్టింది,
చిగుళ్లు జారిన పళ్లలా.
ఇసక తోడి పోసే ఓడ ఆ ఏడు ఇంకా రాలేదట.
"ఏటా పోస్తారు, ఏటా పట్టుకుపోద్ది"
అన్నాడు డ్రైవరు గౌరునాయుడు.
"మరి పొయ్యడం మానేస్తే?"
అతను మాట్లాడలేదు.
బీటలిచ్చిన రోడ్డు అంచుకేసి గడ్డం ఎత్తి చూపించాడు.

ఇప్పుడు అంకె మూడు పైచిలుకు.
యాంటీబాడీలు మాత్రం వందల్లోనే ఉన్నాయి.
టిక్కెట్టు లేకుండా ఎక్కిన గుంపు,
దింపడానికి స్టాపు లేదట.
సరే, ఎక్కేశారుగా. బండి ఆగదు.
రక్తం పట్టడానికిచ్చిన ఐరన్ మాత్రని
సాయంత్రం షిఫ్టుకి మార్చాను,
పొద్దుటి దానితో పడదని.
మంచం విడవని రోజులు ఇంకా వస్తుంటాయి.
అంకె బాగుందంటారు.
అంకెతోనే మాట్లాడి వెళ్లిపోతారు.

డిపో గేటు దగ్గర సన్నిబాబు టీ బండి.
గ్లాసు కడిగి, బోర్లించి, అడుగుతాడు:
"గంటయిందా అక్కా?"
ఇంకా నాలుగు నిమిషాలుంది.
ఆ నాలుగు నిమిషాలూ
అతను స్టవ్ మంట తగ్గించి నిలబడతాడు, నేనూ నిలబడతాను.
ఇక్కడికి సముద్రం వినిపించదు,
పెదాల మీద ఉప్పు మాత్రం తెలుస్తుంది.
తర్వాత టీ.
తర్వాత తాడు లాగి,
గంట.